నాలుగు గళ్ల జంపఖానా

ముహూర్తాలున్న నెలల్లో నాకు ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచి చేసే పనేమీ లేదు. పెళ్లిళ్ల పని మానేసి మూడేళ్లయింది. హనుమకొండలో మా ఇంటి వెనక సందులో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. వ్యాను లోంచి ఇనుప గొట్టాలు దింపుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో నిచ్చెన పట్టుకోమని కేకేయడం బాల్కనీలోకి వినిపిస్తుంటాయి. టీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడతాను. తడిగుడ్డ కప్పిన బుట్టల్లోంచి బంతిపూలు బయటికి తీసేటప్పుడు వచ్చే ఆ చల్లటి పచ్చివాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఒక్కోసారి చెప్పులు వేసుకుని ఆ హాలు గేటు దాకా వెళ్తాను కూడా. ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లికి లోపలికి పోయి ఏం చేస్తాను? వెనక్కి వచ్చేస్తాను.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి పలకరిస్తుంటారు. మీరు చేసినవాటిల్లో అన్నిటికన్నా అందమైన పెళ్లి ఏది మేడమ్ అని అడుగుతారు. అందమైనవి చాలానే చేశాను. వాటి ఫొటోలు వాళ్ల ఫోన్లలోనే ఉంటాయి. నేను చెప్పాలనుకునేది మాత్రం పదేళ్ల కిందట వరంగల్ కొత్తవాడ అమ్మాయికి చేసిన పెళ్లి గురించి. అందులో నేను చేసిన తప్పు మీరెవరూ చేయకూడదని చెబుతున్నాను. అదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. ఆ రోజులంటే నాకు బెంగ.

అంతకు పదేళ్ల ముందు నేను మొదలుపెట్టినప్పుడు వరంగల్‌లో పెళ్లి ప్లానింగ్ అనే మాటే కొత్త. టెంటు సామానువాళ్లు, పూలవాళ్లు, వంటవాళ్లు, ఎవరికి వాళ్లే. నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి, అది మానేసి, అన్నీ ఒకచోట కుదిర్చిపెట్టే ఈ పనిలోకి దిగాను. నాకు బొమ్మ గీయడం వచ్చు, రంగులు తెలుసు. గుంజ పాతడం తెలియదు. అది తెలిసిన మనిషి ఒకాయన నాతో ఉండేవాడు. టెంటు పనిలోనే పుట్టి పెరిగినవాడు, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. అందరూ 'మామా' అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. నేను ఏది గీసినా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అయితది మేడం" అనేవాడు. కానిదైతే ఏమీ అనకుండా బీడీ ముట్టించుకునేవాడు. పదిహేడేళ్లు కలిసి పనిచేశాం. గట్టిగా తగాదా పడ్డది రెండో మూడో సార్లు. అందులో ఒకటి ఈ పెళ్లికే.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. తండ్రి కొత్తవాడలో జంపఖానాలు నేసిన మనిషి. చూపు తగ్గి మగ్గం మానేసి అప్పటికి నాలుగైదేళ్లు. తల్లి జీవితమంతా ఆయన పక్కన కూర్చుని కండెలు చుట్టింది. పెళ్లికొడుకు కూడా ఆ అమ్మాయి ఆఫీసులోనే పనిచేసేవాడు. వాళ్లకు మట్టెవాడలో పెద్ద దుకాణం ఉంది. అమ్మేది దుప్పట్లు, కార్పెట్లు, జంపఖానాలు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. పెద్దవాళ్లు ఏడాది పాటు ముఖాలు ముడుచుకుని ఉండి, చివరికి ఒప్పుకున్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి అన్న మాట నాకింకా గుర్తుంది. "అందరి పెండ్లి లెక్క వద్దు మేడం. స్టయిల్‌గ ఉండాలె, కానీ సూడంగనే ఇది మా ఇంటి పెండ్లి అని తెలవాలె" అంది. అంతవరకు నా దగ్గరకు వచ్చినవాళ్లు పక్కింటివాళ్ల పెళ్లి ఫొటో చూపించి, దానికన్నా నాలుగు పూలు ఎక్కువ పెట్టమనేవాళ్లు. ఈ పిల్ల మాట వినగానే నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

మర్నాడే కూర్చుని గీశాను. మండపం వెనక గోడంతా కొత్తవాడ జంపఖానాలు వేలాడతాయి, నీలం, ఇటుక ఎరుపు, పసుపు. పట్టు తెరలు, థర్మకోల్ ఏనుగులు ఏవీ ఉండవు. స్టేజీ మీద సోఫాలు లేవు, కుర్చీలు లేవు. అందరూ జంపఖానాల మీదే దిండ్లకు ఆనుకుని కూర్చుంటారు. శుభలేఖ కూడా అరచేయంత నేత ముక్క మీద అచ్చు వేయిద్దామన్నాను. అమ్మాయి చూసి నా చేయి పట్టుకుని వదల్లేదు.

తండ్రిని ఒక్కసారే కలిశాను. అమ్మాయే తీసుకొచ్చింది. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను కాగితాలు ముందు పెట్టి చెబుతూ పోయాను. అన్నీ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"స్టేజీ మీద కుర్చీలు ఉంటయా అమ్మా?"

ఉండవు పెద్దాయనా, దీని స్టయిలే అది అని నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. ఆయన తల ఊపి, కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్ది నా చేతికిచ్చాడు.

వాళ్లు వెళ్లాక మామ బీడీ ముట్టించాడు. నాకు కోపం వచ్చి, విషయమేంటో చెప్పమన్నాను. "ఆయన మనసుల ఇంకేదో ఉన్నది మేడం. బిడ్డ లేనప్పుడు ఒక్కసారి పోయి అడుగరాదు" అన్నాడు. పెళ్లి అమ్మాయిది, తండ్రిది కాదన్నాను. పెద్దవాళ్లను అడిగితే అందరూ ఆ ఎర్ర మఖ్మల్ సింహాసనాలే కావాలంటారు, అట్లయితే ఈ ఊళ్లో ఎన్నటికీ ఏదీ మారదు అని కూడా అన్నాను. మామ రెండు రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

పెళ్లి వారం రోజులుందనగా అమ్మాయి ఒక పాత జంపఖానా తెచ్చింది. ఇంట్లో చెక్కపెట్టె అడుగున, ఎండిన వేపాకు మధ్య మడతపెట్టి ఉందట. పెళ్లికి తీసుకుపోతానంటే తల్లి మురిసిపోయి ఇచ్చిందట, బాపుకు మాత్రం ముందే చెప్పొద్దు అందట. విప్పి నేల మీద పరిచి చూశాను. ఆరడుగులకు పైనే పొడవు. ముదురు నీలం నేల మీద వరసగా నాలుగు పెద్ద గళ్లు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి గులాబి. నాలుగోదానికి రంగే లేదు, ఉత్త తెల్ల నూలు. ఎంత మోడ్రన్‌గా ఉందో అన్నాను. "మంచి జాగల వెయ్యుండ్రి మేడం" అంది అమ్మాయి. మంచి జాగా అంటే నాకు తెలిసింది ఒకటే, వచ్చినవాళ్ల చూపు మొట్టమొదట పడే చోటు.

పెళ్లిరోజు తెల్లవారేసరికి హాలు సిద్ధమైంది. తూర్పు కిటికీల్లోంచి ఎండ ఆ జంపఖానాల మీద పడుతుంటే, పదేళ్ల పనిలో మొదటిసారి నా కాగితం మీది బొమ్మ ఉన్నదున్నట్టు బయట కనిపించింది. ఆ పాతదాన్ని నేనే స్వయంగా ముఖద్వారం లోపల పరిచాను. మోకాళ్ల మీద కూర్చుని మూలలు సరిచేశాను. మామ వచ్చి, "దీన్ని తలుపు కాడనా?" అని అడిగాడు. అవునన్నాను. వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకు మట్టెవాడవాళ్లు దిగారు. బ్యాండు గేటు దాకా వచ్చింది. అంతవరకు వంటల దగ్గర తిరుగుతున్న తండ్రి, వియ్యాలవారు వచ్చారని తెలిసి పన్నీరు బుడ్డి పట్టుకుని ద్వారం పక్కకు వచ్చి నిలబడ్డాడు. అందరికన్నా ముందు పెళ్లికొడుకు తండ్రి, దుకాణం సేటు, లోపల అడుగు పెట్టాడు. పెట్టి కిందికి చూసి ఆగాడు. వంగి జంపఖానా మూల ఒకటి పైకెత్తి, వెనక్కి మలిపి, బొటనవేలి గోరుతో నేతను గీకి చూశాడు. "పాత మాలు. గట్టి నేత. ఇప్పుడు ఇట్ల ఎవలు నేస్తాండ్రు" అని తమ్ముడితో అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. మూల వదిలేసి, బూట్లతోనే దాని మీదుగా లోపలికి నడిచాడు. వెనక వచ్చిన వాళ్లంతా అట్లాగే నడిచారు.

అమ్మాయి తండ్రి అందరి మీదా పన్నీరు చల్లాడు. ఒక్కరిని కూడా వదల్లేదు. జనం పలచబడ్డాక బుడ్డిని బల్ల మీద పెట్టి, ధోవతి పైకి దోపుకుని, గొంతుకూర్చుని ఆ జంపఖానాను చుట్టడం మొదలుపెట్టాడు.

నేను పరుగెత్తాను. ఇప్పుడొద్దని, ఇంకా చాలామంది వస్తారని, ఫొటోలు తీస్తున్నారని ఏదేదో చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఇది తొక్కెటందుకు నేసింది కాదమ్మా" అన్నాడు.

మామ ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చి, ఎదురుగా కూర్చుని రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి చుట్టారు. తండ్రి దాన్ని భుజాన వేసుకుని, లోపలికి వస్తున్న చుట్టాల మధ్య నుంచి బయటికి నడిచి వెళ్లిపోయాడు. ముహూర్తం ఇంకా గంటన్నర ఉంది. మేకప్ గదిలో ఉన్న అమ్మాయికి ఏమీ తెలియదు.

హాలు వెనక, వంటల రేకుల షెడ్డు దాటాక, నీళ్ల ట్యాంకు దగ్గర సిమెంటు మెట్టు మీద కనిపించాడు. జంపఖానా ఒళ్లో పెట్టుకుని, బూట్ల మట్టిని అరచేత్తో దులుపుతున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. తనే చెప్పాడు. బిడ్డ పుట్టిన సంవత్సరం, దుకాణాలకు ఇవ్వాల్సిన పని అయ్యాక మిగిలిన పొద్దులో, భార్యాభర్తలిద్దరూ దీన్ని నేశారట. ఆమే స్వయంగా రంగులు ఎంచిందట. ఆయన వేలు పెట్టి ఒక్కో గడీ చూపించాడు.

"ఎర్రది నాది. పసుపుది మా ఇంటామెది. ఇది బిడ్డది. కన్యాదానం నాడు నలుగురం కూసుండెటందుకు నేసినం. ఈ తెల్లది అల్లునిది. ఎవ్వలొస్తరో ఏమెరుక, అందుకే రంగెయ్యలే."

నేను మోడ్రన్ అని మెచ్చుకున్నది ఆ గడినే.

మరి నా దగ్గరకు వచ్చినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. సిగ్గయిందన్నాడు. వాళ్ల దుకాణంలో ఇట్లాంటివి గుట్టలుగా ఉంటాయి, వియ్యాలవారి ముందు ఇదొక గొప్పా అనుకున్నాడట. అసలు ఆయన కోరుకున్నది వేరే ఉంది. ముప్పై ఏళ్లు ఆయన జంపఖానాలు భుజాన వేసుకుని ఆ మట్టెవాడ దుకాణానికే మోశాడు. సేటు మంచివాడే, ఏనాడూ మాట తూలలేదు. మెట్ల కింద నిలబడితే మూల మలిపి, గోరుతో గీకి చూసి తీసుకునేవాడు. నేసేవాళ్లకు అక్కడ కుర్చీ ఉండేది కాదు. సంబంధం కుదిరిన రోజు నుంచి ఆయనకు ఒకటే ఆశ. నలుగురూ చూస్తుండగా స్టేజీ మీద ఆ మనిషి పక్కన, అంతే ఎత్తు కుర్చీలో కాసేపు కూర్చోవాలని.

"ఇయ్యాల గూడ అట్లనే మూల మలిపి సూసిండు. ఆయన తప్పు లేదు, ఆయన చేతులకు అది అలవాటు. తలుపు కాడ ఏసింది నువ్వు."

తప్పయిందన్నాను. ఆయన నా ముఖం వైపు చూశాడు. కోపం లేదు. ఎందుకడిగాడో తెలియదు, మీ నాయిన ఉన్నాడా అమ్మా అని అడిగాడు. నెక్కొండలో ఉన్నాడన్నాను. నీ పెళ్లి మంచిగ చేసిండా అన్నాడు.

"రాలేదు" అన్నాను. ఎవరడిగినా నా జవాబు అదే. మా కులం కాని అబ్బాయిని చేసుకున్నాను, నాన్న పెళ్లికి రాలేదు.

"పిలిస్తివా?"

ఇరవయ్యారేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను పిలవలేదు. వస్తే గొడవ చేస్తాడని, అసలు రానే రాడని నాకు నేనే అనుకుని, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, రెండు రోజుల తర్వాత ఉత్తరం రాశాను. అమ్మ పోయినప్పుడు వెళ్లి పరాయిదానిలా ఒక మూల కూర్చుని వచ్చాను. అంతకు మించి ఆ గడప తొక్కలేదు.

లేదు అని నేను చెప్పేలోపే సేటు వెతుక్కుంటూ అటు వచ్చాడు. "బావా, ఈడున్నవా? అయ్యగారు పిలుస్తాండు. నువ్వు లేకుంటె ఎట్ల?" అన్నాడు. ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఈనాటికీ తెలిసి ఉండదనుకుంటాను. తండ్రి ధోవతి దులుపుకుని లేచాడు. జంపఖానా నాకివ్వమని చేతులు చాపాను. ఒక్క క్షణం ఆగి, ఇచ్చాడు.

నేను లోపలికి వెళ్లేసరికి స్టేజీ మీద రెండు కుర్చీలున్నాయి. హాలు స్టోర్ రూములోంచి మామ తెచ్చి వేయించాడు. ఎర్ర మఖ్మల్, బంగారు రంగు పూసిన చేతులు, నేను పదేళ్లుగా ఏ పెళ్లిలోనూ అడుగుపెట్టనివ్వని రకం. ఆ నీలం, ఇటుక రంగుల మధ్య కళ్లలో పొడిచినట్టున్నాయి. ఫొటోగ్రాఫర్ వచ్చి ఫ్రేమ్ ఖరాబవుతోంది, తీసేయమంటారా అన్నాడు. ఉండనివ్వమన్నాను. ముహూర్తం దాకా వియ్యంకులిద్దరూ వాటిల్లోనే కూర్చున్నారు. సేటు ఏదో ఆపకుండా మాట్లాడుతున్నాడు. అమ్మాయి తండ్రి రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, వీపు నిటారుగా ఆనించి వింటున్నాడు. వచ్చిన చుట్టాలు ఇద్దరికీ వరసగా నమస్కారం పెట్టి పోతున్నారు.

కన్యాదానానికి ఆ జంపఖానాను పీటల కింద పరిచాం. తల్లి చూసి, ఎవరూ చెప్పకముందే వచ్చి పసుపు గడి మీద కూర్చుంది. కూతురి చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి వంగి గులాబి గడి మీద అరచేయి ఆనించి, అట్లాగే ఎర్ర గడి మీద కూర్చున్న తండ్రిని చూస్తూ ఉండిపోయింది. పెళ్లి చేయించే అయ్యగారు టైమవుతుందని హెచ్చరించాల్సి వచ్చింది. ఏమీ తెలియని పెళ్లికొడుకు తెల్ల గడి మీద కూర్చున్నాడు. దాని మీద బూటు ముద్ర ఒకటి ఎంత దులిపినా పోలేదు. అది నా కళ్ల ముందు నుంచి కూడా పోలేదు.

ఆ పెళ్లి ఫొటోలు చాలాకాలం ఎవరికీ చూపించలేదు. కుర్చీలకు సిగ్గుపడి కాదు, నాకు సిగ్గయి. తర్వాత చేసిన ప్రతి పెళ్లికీ బొమ్మ గీసే ముందు ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఆ రోజు మీకేం కావాలి అని అడిగేదాన్ని. మీ ప్రశ్నల ఫారాల్లో పూల రంగు దగ్గర నుంచి ఐస్‌క్రీం దాకా నలభై ఉంటాయి. ఈ ఒక్కటి కూడా చేర్చుకోండి. తోబుట్టువులకు, మేనత్తలకు, మూలన కూర్చున్న ముసలమ్మకు కూడా ఏదో ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది చాలా చిన్నది.

ఆ మధ్యాహ్నం సామాను విప్పుతుంటే, రేపు నెక్కొండ పోయొస్తానని మామతో అన్నాను. నేను ముందే చెప్పలేదా అని గానీ, ఎందుకు అని గానీ అడగలేదు. "పోయి రా బిడ్డా, పని నేను సూస్కుంట. ఫికర్ చేయకు" అన్నాడు. పదిహేడేళ్లలో నన్ను మేడం అనకుండా బిడ్డా అన్నది ఆ ఒక్కసారే. మామ పోయి రెండేళ్లవుతోంది. పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, నా కాగితం తిప్పి చూసే ఆ మనిషి కోసమే నేను ఆ హాలు గేటు దాకా వెళ్తానేమో అనిపిస్తుంది.

మర్నాడు రైల్లో నెక్కొండ వెళ్లాను. నాన్న అరుగు మీద కూర్చుని మక్కకంకులు ఒలుస్తున్నాడు. బాగా వంగిపోయాడు. నన్ను చూసి, చేట కొంచెం పక్కకు జరిపి కూసో అన్నాడు. ఏం పని చేస్తున్నావని అడిగాడు. పెళ్లిళ్లు కుదురుగా జరిగేటట్టు చూస్తానని చెప్పాను. అదొక పనా అని నవ్వాడు. రైల్లో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నా పెండ్లికి నిన్ను పిలువలే నాయినా. పిలువాల్సుండె."

ఒలుస్తూనే ఉన్నాడు. గింజలు చేటలో పడుతున్నాయి. "పిలిస్తె వత్తునో రాకపోదునో, నాకే తెల్వదు" అన్నాడు. ఇంకో కంకి అందుకుని, ఆ పెళ్లికి ఎంతమంది వచ్చారని అడిగాడు. ఏడుగురమన్నాను. సాక్షి సంతకాలు ఎవరు పెట్టారు, దండలు ఏం పూలవి, ఆ రోజు వాన ఉందా ఎండ ఉందా, తర్వాత ఏం తిన్నారు, ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. నేను ఎన్ని పెళ్లిళ్లు చేసినా ఏ పెళ్లి గురించీ నన్నెవరూ అన్ని వివరాలు అడగలేదు. చామంతి దండలని, సన్నగా జల్లు పడిందని, ఆఫీసు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నామని చెప్పాను. ఇడ్లీ మంచిగుండెనా అన్నాడు. చల్లగా ఉన్నాయన్నాను.

"చీరె?"

"చిలుకపచ్చ. నా దోస్తుది, అడిగి కట్టుకున్న."

చేతిలో కంకి ఆగింది. నా వైపే తిరిగాడు గానీ, నన్ను చూడటం లేదు. తను లేని ఆ పెళ్లిలో ఎక్కడో ఆ చీరను చూస్తున్నట్టున్నాడు.

"చిలుకపచ్చ నీకు మంచిగుంటది" అన్నాడు.